మహద్ చెరువు: హోంవర్క్‌లో రాయని జవాబులు

‘మహద్ సత్యాగ్రహం ఎప్పుడు, ఎక్కడ జరిగింది?’ ‘1927లో, మహారాష్ట్రలో.’ ఈ ఒక్క వాక్యానికి మార్కులు పడతాయి. కానీ జనం ఎందుకు నడిచారో, వాళ్ళకు ఎవరు అడ్డుపడ్డారో అందులో లేదు. విద్యార్థులకు రావాల్సిన ఐదు ప్రశ్నలకు జవాబులు చూద్దాం.

మహద్ ఎక్కడుంది?

కొంకణ్‌లో, సావిత్రి నది పక్కన. ఈనాటి రాయగడ్ జిల్లాను అప్పట్లో కొలాబా జిల్లా అనేవారు. మహారాష్ట్ర రాష్ట్రం ఏర్పడింది 1960లో. 1927లో మహద్ బొంబాయి ప్రెసిడెన్సీలో ఉండేది.

అక్కడ నీళ్ళ కరువు ఉందా?

కరువే కారణం అని రాస్తే తప్పు. కొంకణ్ సహ్యాద్రి కొండలకూ అరేబియా సముద్రానికీ మధ్య ఉన్న తీరప్రాంతం. నైరుతి రుతుపవనాలు కొండలకు తగిలి అక్కడ కుండపోతగా వానలు పడతాయి. మహద్‌లోని చవదార్ చెరువు నాలుగైదు ఎకరాలది. వాననీటితో, ఊటలతో నిండేది. చుట్టూ మునిసిపాలిటీ రోడ్లు, రోడ్లు దాటితే దాదాపు అన్నీ సవర్ణుల ఇళ్ళు. అన్య మతస్థులు ఆ నీళ్ళు తీసుకోవచ్చు, పశువులు తాగవచ్చు. అంటరానివాళ్ళన్న ముద్ర పడిన మనుషులు మాత్రం ముట్టకూడదు. నీళ్ళకు కొదవ లేదు. కంచె వేసింది కులం.

చట్టం ఒప్పుకున్నాక సత్యాగ్రహం ఎందుకు?

ప్రభుత్వ నిధులతో కట్టిన, నడిచే చెరువులు, బావులు, ధర్మశాలలను అంటరాని కులాలవారు కూడా వాడుకోవచ్చని 1923 ఆగస్టులో బొంబాయి శాసన మండలి తీర్మానించింది. దాన్ని ప్రతిపాదించింది ఎస్.కె. బోలే. 1924లో మహద్ మునిసిపాలిటీ కూడా చెరువు అందరిదీ అని తీర్మానం చేసింది. అయినా సవర్ణుల భయంతో ఆ హక్కు కాగితం మీదే ఉండిపోయింది. 1927 మార్చి 19, 20 తేదీల్లో అక్కడ బహిష్కృత వర్గాల పరిషత్తు జరిగింది. 20న డాక్టర్ అంబేద్కర్‌తో కలిసి ప్రతినిధులు ఊరేగింపుగా వెళ్ళి చెరువు నీళ్ళు తాగారు. వాళ్ళు కొత్త హక్కు అడగలేదు. ఉన్న హక్కును వాడుకున్నారు.

తర్వాత ఏమైంది?

దళితులు వీరేశ్వర గుడిలోకి కూడా వస్తారని పుకారు పుట్టించి ప్రతినిధుల మీద దాడి చేశారు. 108 కుండల్లో ఆవు పేడ, మూత్రం, పాలు, పెరుగు కలిపిన నీళ్ళు పోసి చెరువును ‘శుద్ధి’ చేశారు. ఆగస్టులో మునిసిపాలిటీ తన తీర్మానాన్ని తానే రద్దు చేసుకుంది. డిసెంబరులో సవర్ణులు చెరువు తమ సొంతమని దావా వేసి తాత్కాలిక నిషేధ ఉత్తర్వు తెచ్చుకున్నారు. డిసెంబరు 25న మొదలైన రెండో పరిషత్తు మనుస్మృతిని తగులబెట్టింది. కోర్టు ఉత్తర్వు ఉన్నందున చెరువు దగ్గర మళ్ళీ సత్యాగ్రహం చేయలేదు. కేసు తేలడానికి దాదాపు పదేళ్ళు పట్టింది. అనాదిగా వస్తున్న ఆచారమన్న వాదన రుజువు కాలేదని 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టు తీర్పు చెప్పింది.

మనకేం సంబంధం?

బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్ల వాడకంలో కులవివక్ష ఉండకూడదని రాజ్యాంగం 15వ అధికరణంలో ఉంది. రాజ్యాంగం వచ్చి 35 ఏళ్ళయ్యాక, 1985 జులైలో, ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగల మంచినీళ్ళ చెరువును పాడుచేయొద్దని అడిగినందుకు గొడవ మొదలైంది. మర్నాడు కమ్మ భూస్వాములు మాదిగపల్లె మీద పడ్డారు. ఆరుగురు మాదిగలను చంపారు. మహద్‌లో ఒక చెరువు, కారంచేడులో ఇంకో చెరువు. రెండు చోట్లా తగాదా నీటి గురించి కాదు. సాటి మనిషిగా నిలబడటం గురించి.

ఈసారి మ్యాప్ గీయమంటే మీ ఊరిదే గీయండి. చెరువు, బావి, వాటర్ ట్యాంకు, గుడి, బడి, శ్మశానం, మాలపల్లె, మాదిగపల్లె గుర్తించండి. కుళాయి నీళ్ళు ముందు ఏ వీధికి వస్తాయో, మురుగు కాలువ ఎటు పారుతుందో బాణం గుర్తులు పెట్టండి. ఏ బావిలో ఎప్పటిదాకా చేద వేయనివ్వలేదో మీ నాయనమ్మను, అమ్మమ్మను అడిగి ఆ సంవత్సరం పక్కన రాయండి. అప్పుడు ఒకే కాగితం మీద చరిత్రా భూగోళమూ రెండూ వస్తాయి.