నలభై ఏడేళ్ళ వయసులో మళ్ళీ ఈత, సైకిలు, పరుగు

నేను డాక్టరును కాను. విశాఖపట్నంలో ఒక బ్యాంకులో గుమాస్తాను. అంతకు ముందు పదిహేనేళ్ళు నౌకాదళంలో నావికుడిగా పనిచేశాను. మన ఆసుపత్రిలో నా షుగరు చూసే డాక్టరమ్మగారు "మీ సంగతి రాయండి, మన పత్రిక చదివేవాళ్ళలో మీలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు" అన్నారు. అందుకే రాస్తున్నాను. ఇందులో నేను చేసిన తెలివితక్కువ పనులు కూడా ఉన్నాయి. వాటిని దాచితే రాసి ప్రయోజనం లేదు.

2022 జూలైలో మా ఆవిడ థైరాయిడ్ పరీక్షకు తోడుగా ఆసుపత్రికి వచ్చాను. ఆమె లోపల ఉండగా ఊరికే కూర్చోలేక వరండాలో ఉన్న తూకం మిషను ఎక్కాను. 97 కిలోలు చూపించింది. మిషను పాడైందేమో అని నర్సమ్మను పిలిచాను. ఆమె నవ్వి, కుర్చీలో కూర్చోబెట్టి బి.పి. చూసింది. 156/98. మర్నాడు పరగడుపున రక్తం ఇస్తే షుగరు 212 వచ్చింది. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బిఎ1సి పరీక్ష 8.9. థైరాయిడ్ పరీక్షకు వచ్చిన ఆమెకు అంతా బాగానే ఉంది, తోడు వచ్చినవాడు రోగిగా ఇంటికి వెళ్ళాడు.

నా ఎత్తు 170 సెంటీమీటర్లు. నౌకాదళం వదిలిన రోజున 71 కిలోలు ఉన్నాను. ఆ పధ్నాలుగేళ్ళలో ఏడాదికి రెండు కిలోల లోపే పెరిగాను, అందుకే ఎప్పుడూ తెలియలేదు. ప్యాంటు బిగిస్తే కొత్తది కుట్టించుకున్నాను, అంతే. ఎత్తుకు తగ్గ బరువును లెక్కకట్టే బి.ఎం.ఐ. అనే కొలత మన దేశం వాళ్ళకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అంటారు. నాది 33 దాటింది. నడుము చుట్టుకొలత మగవాళ్ళకు 90, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటకూడదట. నాది 112. పొట్టలోపల పేరుకున్న కొవ్వే ఇన్సులిన్ పనిని ఎక్కువగా అడ్డుకుంటుందని డాక్టరమ్మగారు చెప్పారు.

అప్పటికి నేను భయపడలేదంటే నమ్మండి. బ్యాంకులో సగం మందికి షుగరు ఉంది, మనకూ వచ్చింది అనుకున్నాను. భయం వేసింది ఇంటికి వెళ్ళాక. మా నాన్నగారు 53వ ఏట గుండెపోటుతో పోయారు. నేనప్పుడు ఓడ మీద ఉన్నాను, చివరిచూపు దక్కలేదు. ఆ రాత్రి లెక్క వేసుకుంటే నాకూ ఆ వయసుకూ మధ్య ఆరేళ్ళే ఉన్నాయి. మా వాడికి అప్పుడు పదమూడేళ్ళు.

పాత ఫోటో

కాగితాల కోసం బీరువా వెతుకుతుంటే 1998 నాటి ఫోటో ఒకటి దొరికింది. తడిసిన జుట్టుతో, సైకిలు పట్టుకుని, పక్కటెముకలు కనిపిస్తూ నేను. మా వాడు చూసి "ఇది నువ్వేనా నాన్నా?" అన్నాడు. వాడు వెటకారంగా అనలేదు, నిజంగానే అడిగాడు.

అది ట్రయాథ్లాన్ పోటీనాటి ఫోటో. తెలియనివారికి చెబుతాను. ఈత, సైకిలు, పరుగు మూడూ ఒకదాని వెంట ఒకటి ఆగకుండా చేసే పందెం అది. 1974లో అమెరికాలోని శాన్‌డియాగోలో మొదలైంది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో చేరింది. ఒలింపిక్ దూరం అంటే కిలోమీటరున్నర ఈత, 40 కిలోమీటర్ల సైకిలు, 10 కిలోమీటర్ల పరుగు. అందులో సగాన్ని స్ప్రింట్ అంటారు. నౌకాదళంలో మా యూనిట్ల మధ్య ఈ పోటీలు పెట్టేవారు. నేనేమీ మొదటివాణ్ణి కాదు, మధ్యలో వచ్చేవాణ్ణి. అయినా ఒలింపిక్ దూరం రెండు గంటల నలభై నిమిషాల్లో ముగించేవాణ్ణి.

మళ్ళీ ఆ పందెం చేస్తానని మా వాడితో అన్నాను. మర్నాడే పరుగు మొదలుపెట్టాను. ఇది నా మొదటి తెలివితక్కువ పని.

మెదడుకు ఇరవై మూడేళ్ళ కాళ్ళే గుర్తుంటాయి. నాలుగో రోజున ఐదు కిలోమీటర్లు ఆగుతూ ఆగుతూ పరిగెత్తాను. ఐదో రోజు కుడి మోకాలు వాచి మంచం దిగలేకపోయాను. మూడు వారాలు మెట్లు ఎక్కడానికి కూడా గోడ పట్టుకున్నాను. ఒక కిలో బరువు తగ్గితే నడకలో వేసే ప్రతి అడుగుకూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని ఫిజియోథెరపీ ఆయన చెప్పారు. అంటే నేను పెంచుకున్న 26 కిలోలు మోకాలికి వంద కిలోల పైమాటే అన్నమాట.

డాక్టరమ్మగారు కోప్పడలేదు. ఇ.సి.జి. తీయించారు, ట్రెడ్‌మిల్ మీద నడిపించి గుండె పరీక్ష చేయించారు, కంటి రెటీనా చూపించమన్నారు, బూట్లు విప్పించి అరికాళ్ళు చూశారు. అన్నీ అయ్యాక "పందెం సంగతి తర్వాత మాట్లాడుకుందామండీ. మూడు నెలలు నడవండి. ఎక్కడైనా ఛాతీ బరువెక్కినా, దవడకో ఎడమ చేతికో నొప్పి పాకినా, కళ్ళు తిరిగినా అక్కడే ఆగి వచ్చేయండి. గాస్ అని సోడా తాగి కూర్చోవద్దు" అన్నారు. నలభై దాటి, షుగరో బి.పి.యో ఉండి, ఏళ్ళ తరబడి కదలకుండా ఉండి ఒక్కసారిగా కఠినమైన వ్యాయామంలోకి దూకే ముందు ఈ పరీక్షలు చేయించుకోవాలని నాకు అప్పుడే తెలిసింది. మామూలు నడక మొదలుపెట్టడానికి ఇంత హంగామా అక్కరలేదట.

కంచం, టీ గ్లాసు

నడకతోనే బరువు తగ్గుతుందనుకున్నాను. గంట నడిస్తే నాలాంటివాడికి ఖర్చయ్యేది సుమారు మూడు వందల కాలరీలు. హోటల్లో ఒక ప్లేటు బిర్యానీ అంతకు రెట్టింపు ఉంటుంది. కాబట్టి అసలు పని కంచం దగ్గరే ఉంది.

మా ఆవిడ ఒక వారం పాటు నేను తిన్నదంతా కాలెండరు వెనక రాసింది. చూసి ఇద్దరం ఆశ్చర్యపోయాం. నేను అన్నం ఎక్కువ తింటానని తెలుసు కానీ, బ్యాంకులో రోజుకు ఐదు టీలు, ఒక్కో దానిలో రెండు చెంచాల పంచదార, సాయంత్రం నాలుగు మిరపకాయ బజ్జీలు లెక్కలోకి రాలేదు. పది చెంచాల పంచదారే రెండు వందల కాలరీలు. టీలు రెండు చేశాను, పంచదార మానేశాను. మొదటి వారం కషాయంలా ఉంది. నెల తిరిగాక ఎవరింట్లోనైనా తీపి టీ ఇస్తే తాగలేకపోయాను.

అన్నం మానలేదు. మానమని ఎవరూ చెప్పలేదు. మధ్యాహ్నం ఒక కప్పు అన్నం, దానికి రెట్టింపు కూర, పప్పో గుడ్డో చేపో తప్పకుండా. ఉదయం చోడి అంబలి, ఉడికించిన శనగలు. చోడి అంబలి తాగితే షుగరు పెరగదనే భ్రమ మా వీధిలో చాలామందికి ఉంది. అది కూడా పిండి పదార్థమే, చెంబులు చెంబులు తాగితే పెరుగుతుంది. ఒక గ్లాసు చాలు. పెళ్ళి భోజనాలు, క్రిస్మస్ కేకులు వచ్చినప్పుడు తిన్నాను, రెండోసారి వడ్డించుకోలేదు. నిజం చెప్పాలంటే రెండు మూడుసార్లు వడ్డించుకున్నాను కూడా.

నాలుగు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గాను. తర్వాత రెండు నెలలు ముల్లు కదల్లేదు. చాలామంది మానేసేది ఇక్కడేనట. ఒళ్ళు తేలికైన కొద్దీ అదే పనికి అది ఖర్చు పెట్టే శక్తి కూడా తగ్గుతుంది. దానికి తోడు ముప్పై దాటాక కండ ఏటికేడు కొద్దికొద్దిగా కరిగిపోతుంది. పస్తులుంటే ఇంకా కరుగుతుంది. అందుకని వారానికి రెండు రోజులు గోడకు చేతులు ఆనించి దండీలు, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, నీళ్ళు నింపిన సీసాలు ఎత్తడం చేయించారు. ముల్లు మళ్ళీ కదిలింది.

ఈ మధ్యలోనే బీచ్ రోడ్డులో ఉన్న కార్పొరేషన్ ఈత కొలనులో చేరాను. మోకాలు నొప్పి ఉన్నవాళ్ళకు నీళ్ళకు మించిన చోటు లేదు. మెడ లోతు నీళ్ళలో నిలబడితే మన బరువులో సుమారు పదో వంతే కాళ్ళ మీద పడుతుంది. సముద్రంలో ఈదవచ్చు కదా అని కొందరు అడిగారు. ఓడల మీద పదిహేనేళ్ళు ఉన్నవాణ్ణి చెబుతున్నాను, ఆర్.కె. బీచ్‌లో సముద్రంతో ఆటలొద్దు. పైకి ప్రశాంతంగా కనిపిస్తూనే లోపలికి లాగేసే ప్రవాహాలు ఉంటాయి. ఈత వచ్చినవాళ్ళు కూడా పోయారు.

మంగమారిపేట దగ్గర

ఇప్పుడు రెండో తెలివితక్కువ పని. ఇది చదవడం ఆపి వెళ్ళిపోకండి, షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళకు ఇదే ముఖ్యం.

మొదట నాకు మెట్‌ఫార్మిన్ ఒక్కటే ఇచ్చారు. మూడు నెలల తర్వాత గ్లిమిపిరైడ్ కూడా చేర్చారు. 2023 ఏప్రిల్‌లో ఒక రెండో శనివారం, బ్యాంకు సెలవు. ఖాళీ కడుపుతో సైకిలు తొక్కితే కొవ్వు బాగా కరుగుతుందని ఒక మిత్రుడు చెప్పాడు. తెల్లవారుజామున లేచి, అలవాటు కొద్దీ మాత్రలు రెండూ వేసుకుని, ఏమీ తినకుండా భీమిలి రోడ్డు పట్టాను. ఋషికొండ దాటేవరకు హుషారుగా ఉన్నాను. తొట్లకొండ దాటాక చల్లగాలిలో కూడా ఒళ్ళంతా చెమటలు. చేతులు వణుకుతున్నాయి. గుండె దడదడ కొట్టుకుంటోంది. ఎదురుగా వచ్చే లారీ ఒకటా రెండా తెలియలేదు. మా నాన్నగారే గుర్తొచ్చారు.

మంగమారిపేట దగ్గర ఒక టీ బడ్డీ ముందు సైకిలు పడేసి కూలబడ్డాను. బడ్డీ నడిపే ముసలమ్మ "ఏటి బాబూ, అలాగైపోనావు? సుగరుందా నీకు?" అని అడిగింది. తల ఊపాను. ఆవిడ వెంటనే గ్లాసులో సగం దాకా నీళ్ళు పోసి, గుప్పెడు పంచదార కలిపి తాగించింది. పావుగంటలో మనిషినయ్యాను. ఆవిడ భర్తకు కూడా షుగరేనట. డబ్బులిస్తే టీకి మాత్రమే తీసుకుంది.

సోమవారం డాక్టరమ్మగారి దగ్గరికి వెళ్ళాను. ఈసారి కోప్పడ్డారు. "బరువు తగ్గారు, తిండి తగ్గించారు, వ్యాయామం పెంచారు. మాత్ర మాత్రం పాతదే వేసుకున్నారు. నాకెందుకు చెప్పలేదు?" అన్నారు. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు మనం తిన్నామా లేదా చూడవు, ఇన్సులిన్‌ను బయటికి తోస్తూనే ఉంటాయి. ఇన్సులిన్ ఇంజెక్షన్ తీసుకునేవాళ్ళకూ ఇదే ప్రమాదం. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడితే ఇలా జరగడం అరుదు. షుగరు 70 కంటే పడిపోతే వెంటనే మూడు చెంచాల పంచదార లేక గ్లూకోజు నీళ్ళలో తాగాలి, పావుగంట ఆగి మళ్ళీ చూసుకోవాలి, ఇంకా తక్కువుంటే మళ్ళీ తాగాలి. కోలుకున్నాక ఏదైనా తినాలి. మనిషికి స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి ఆసుపత్రికి తేవాలి.

ఆ రోజే గ్లిమిపిరైడ్ సగం చేశారు, రెండు నెలల తర్వాత పూర్తిగా ఆపారు. ఎవరికి వారు ఆపుకోకండి, నేను ఆపలేదు. అప్పటినుంచి సైకిలు సంచిలో గ్లూకోజు పొట్లం, జేబులో పేరు, జబ్బు, ఇంటి నంబరు రాసిన చీటీ లేకుండా గడప దాటను.

ఒక పెద్దావిడ సంగతి

నిరుత్సాహంగా ఉన్న రోజుల్లో మా వాడు నాకొక సిస్టరుగారి సంగతి చెప్పాడు. మదొన్నా బూడర్ అని అమెరికా దేశపు సన్యాసిని, 1930లో పుట్టారు. పరుగు మొదలుపెట్టిందే 48వ ఏట, ఒక ఫాదరుగారు చెబితే. మొదటి ట్రయాథ్లాన్ 52వ ఏట. 2012లో కెనడాలో, 82 ఏళ్ళ వయసులో, ఐరన్‌మ్యాన్ అనే అతి పొడవైన పందెం ముగించారు. అంటే 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, 42 కిలోమీటర్ల పరుగు. లోకం ఆవిణ్ణి ఐరన్ నన్ అంటుంది. నాకు అంత అక్కరలేదు. స్ప్రింట్ చాలు.

2024 జనవరిలో, చలి ఉన్న ఒక ఉదయం చేశాను. అదేమీ పోటీ కాదు. నాతో కొలనులో ఈదే ఇద్దరు, ఒకరు రిటైరైన డ్రిల్లు మాస్టారు, ఇంకొకరు పోర్టు ఉద్యోగి, తోడు వచ్చారు. 750 మీటర్ల ఈతకు 24 నిమిషాలు, 20 కిలోమీటర్ల సైకిలుకు 58, ఐదు కిలోమీటర్ల పరుగుకు 46. పరుగులో సగం నడకే. మధ్యలో బట్టలు మార్చుకోవడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది, ఎందుకంటే తడికాళ్ళకు మేజోళ్ళు ఎక్కలేదు. మొత్తం రెండు గంటల పదిహేడు నిమిషాలు. ముగ్గురిలో ఆఖరువాణ్ణి నేనే, అరవై దాటిన డ్రిల్లు మాస్టారి కంటే కూడా వెనక. మా వాడు చివర్లో ఫోటో తీశాడు. పక్కటెముకలు కనిపించలేదు.

ఆ రోజుకు నా బరువు 80, నడుము 98. ఇంకా ఊబకాయం లెక్కలోనే ఉన్నాను. హెచ్‌బిఎ1సి 6.3, అదీ మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకుంటూ. 2017లో బ్రిటన్‌లో వెలువడిన ఒక పరిశోధనలో, షుగరు వచ్చి ఆరేళ్ళు దాటనివారిలో 15 కిలోలు, అంతకంటే ఎక్కువ తగ్గినవారిలో నూటికి 86 మందికి ఏడాది తర్వాత మందుల అవసరం లేకుండానే షుగరు అదుపులో ఉందట. నేను 17 తగ్గాను, ఆ 86 మందిలో ఇంకా చేరలేదు. బి.పి. మాత్ర కూడా ఉంది. ఆ తర్వాతి క్రిస్మస్‌కు రెండు కిలోలు తిరిగి వచ్చాయి, ఈస్టరు లోపు పోయాయి.

అరికాళ్ళు మాత్రం రోజూ రాత్రి చూసుకుంటాను. ఒకసారి మడమ మీద నీటిపొక్కు లేచి పగిలినా నొప్పి తెలియలేదు, మా ఆవిడ చూసి చెప్పింది. కొలను దగ్గర ఎండకు కాలిన సిమెంటు మీద చెప్పులు లేకుండా నడవను.

మా ఆవిడకు నీళ్ళంటే భయం. పోయిన నెలలో తనూ కొలనులో ఆడవాళ్ళ బ్యాచ్‌లో చేరింది. నన్ను చూడటానికి రావద్దంది. నిన్న గట్టు వదిలి పది అడుగులు తేలిందట, మాస్టారి చెయ్యి పట్టుకోకుండా.