చెంగాళమ్మకు డార్విన్‌తో తగాదా లేదు

రాకెట్ ప్రయోగానికి ముందు ఇస్రో ఛైర్మన్ సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడికి వెళ్లడం ఆనవాయితీ. 2023 జులైలో చంద్రయాన్-3కి ముందు అప్పటి ఛైర్మన్ సోమనాథ్ కూడా వెళ్లారు. చంద్రయాన్ నమూనా తిరుమలకూ చేరింది. హేతువాదులు నొసలు చిట్లించారు, భక్తులు మురిసిపోయారు. కానీ అమ్మవారికి దండం పెట్టుకొచ్చాక శ్రీహరికోట ప్రయోగ కేంద్రం షార్‌లో ఏ ఇంజినీరూ ఇంధనం లెక్క మార్చడు. మొక్కు మొక్కే, లెక్క లెక్కే. జీవపరిణామం మాట వచ్చేసరికి మాత్రం మనవాళ్లు ఈ గీత చెరిపేస్తారు.

2019 జనవరిలో జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో అప్పటి ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపకులపతి జి. నాగేశ్వరరావు, డార్విన్ సిద్ధాంతం కన్నా దశావతారాలే మేలన్నారు. చేప, తాబేలు, పంది, నరసింహుడు, వామనుడు: వరస చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. బెంగాల్‌లో కేశవచంద్ర సేన్ 1882లోనే ఈ పోలిక తెచ్చారు. చిక్కేమిటంటే, పరిణామం మెట్ల వరస కాదు, కొమ్మలు చీలిన చెట్టు. నెల్లూరు తీరానికి గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు పందికి ముత్తవ్వ కాదు, దూరపు దాయాది. దాని వంశమూ మన వంశంతో పాటే ఇన్ని కోట్ల ఏళ్లూ మారుతూ వచ్చింది. పైగా అవతారం సంకల్పంతో, ధర్మం కోసం జరిగేది. డార్విన్ చెప్పిన ఎంపికకు సంకల్పమే లేదు. ఆ ఎంపిక ఎలా సాగుతుందో నెల్లూరు జిల్లా రొయ్యల గుంటల్లోనే కనిపిస్తుంది. రోగమొచ్చిందని మేతలో యాంటీబయాటిక్ కలిపితే లొంగే బ్యాక్టీరియా చస్తుంది. ఏదో చిన్న మార్పు వల్ల తట్టుకున్నవి కొన్ని మిగులుతాయి, గంటల్లోనే రెట్టింపవుతాయి. ఆపైన అదే మందు ఎంత పోసినా దండగే. ఈ తంతులో ఎవరి పథకమూ లేదు.

అలాంటప్పుడు గుడినీ ప్రయోగశాలనూ ఒకే తలలో పెట్టుకోవడం కపటం కాదా అని అడగవచ్చు. విశ్వాసానికి దెబ్బే తగలదంటే అబద్ధమవుతుంది. మనిషిని దేవుడు విడిగా మలిచాడని అక్షరాలా నమ్మేవారికి గట్టిగానే తగులుతుంది. 1840 నుంచి బాప్టిస్టు మిషన్ ఉన్న నెల్లూరులో బైబిలు సృష్టి కథను అలా చదివేవారికి ఇది చిన్న ఇబ్బందేమీ కాదు. అయితే 1996లో పోప్ రెండో జాన్ పాల్ పరిణామాన్ని ఉత్త ఊహగా కొట్టేయలేమని ఒప్పుకున్నా కతోలిక చర్చి కూలిపోలేదు. చెంగాళమ్మ దగ్గరకొచ్చేవాళ్లు జాతులెలా పుట్టాయని అడగరు. పిల్లల్ని, పంటను, క్షేమాన్ని అడుగుతారు. ఆ మొక్కుకు తాబేలు పుట్టుపూర్వోత్తరాలతో పనిలేదు. ప్రకృతిలో ఇంత నిర్దయ ఉంటే దేవుడెక్కడ అన్న ప్రశ్న మాత్రం మిగులుతుంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లులు డార్విన్‌కు ఎంతో ముందే వేసిన ప్రశ్న అది. జవాబు జీవశాస్త్రం ఇవ్వదు, ఇస్తాననీ అనలేదు.

ఆ శాస్త్రం మాత్రం పిల్లలకు తెలియాలి. కానీ 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలోంచి పరిణామ పాఠాన్ని తీసేసింది. బయాలజీ వదిలేసి ఎంపీసీలో చేరే పిల్లలకు ఇక అది ఎదురుపడదు. రేపు షార్‌లో కొలువు చేసేవాళ్లలో ఎక్కువమంది ఆ పిల్లలే. ఆ పాఠాన్ని పదో తరగతిలోకి మళ్లీ తేవాలి.