యజమాని సమ్మతి ఉన్న నకలు



పరుల ఇంటి తాళం పగులగొట్టి వారి సొత్తు తెచ్చుకోవడానికి మనం సాహసించము. కాని తాళం విప్పిన సాఫ్ట్‌వేర్‌ను లైసెన్సు లేకుండా కంప్యూటర్‌లో ఎక్కించుకోవడానికి మనలో చాలామందిమి సంకోచించము. “అసలు వారి వద్దనే ఉంది, మనం తెచ్చుకున్నది నకలే కదా” అని సమర్థించుకుంటాము. ఆ నకలు వెనుక ఉన్నది మనుషుల శ్రమ. దానికి వెలను, షరతులను నిర్ణయించే హక్కు వారిదే.

మన కాపీరైట్ చట్టం (1957)లోని 63-బి సెక్షన్ ప్రకారం, అక్రమ ప్రతి అని తెలిసీ కంప్యూటర్ ప్రోగ్రామును వాడినవారికి 7 రోజుల నుండి 3 సంవత్సరాల వరకు జైలు, 50,000 నుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. వ్యాపారం కోసం, లాభం కోసం కానప్పుడు న్యాయస్థానం జైలుశిక్షను మినహాయించవచ్చు; అంతమాత్రాన యజమాని హక్కు తరగదు.

అయితే “తప్పు” అని చెప్పి ఊరుకుంటే సరిపోదు. విద్యార్థికి, చిన్న డీటీపీ కేంద్రం నడిపే వ్యక్తికి ఆ వెల నిజంగానే భారం. వారికి ధర్మసమ్మతమైన దారి చూపాలి. ఆ దారి ఉంది. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు. 1991లో లినస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను వెలువరించారు. ఇటువంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను వాడుకోవచ్చు, పరిశీలించవచ్చు, మార్చుకోవచ్చు, ఇతరులకు పంచవచ్చు. ఇక్కడా జరిగేది నకలు తీయడమే. కాని అది యజమాని సమ్మతితో జరుగుతుంది. అక్కడ దొంగతనమైన పని ఇక్కడ సహకారమవుతుంది.

పత్రాలకు లిబ్రే ఆఫీస్, ఫొటోలకు గింప్, బొమ్మలకు ఇంక్‌స్కేప్ ఉన్నాయి. మండలి, రామభద్ర, గురజాడ వంటి తెలుగు ఫాంట్లూ స్వేచ్ఛా లైసెన్సుతో లభిస్తున్నాయి. వీటికి అలవాటు పడటానికి కొంత ఓపిక కావాలి. వీటితో జరగని పని ఉంటే, తగిన సాఫ్ట్‌వేర్‌ను కొని, ఆ ఖర్చును పని వెలలో కలుపుకోవడమే న్యాయం.

ఒక హెచ్చరిక: ఉచితమంటే షరతులు లేవని కాదు. జీపీఎల్ లైసెన్సు గల ప్రోగ్రామును మార్చి ఇతరులకు పంచేవారు దాని మూల సంకేతాన్నీ వారికి అందుబాటులో ఉంచాలి. ఆ మాట తప్పడం కూడా హక్కును హరించడమే.

కనుక ముందుగా మన సంస్థల కార్యాలయాలలోని కంప్యూటర్లను పరిశీలిద్దాం. నిజాయితీని బోధించే కరపత్రమే దొంగ సాఫ్ట్‌వేర్‌తో తయారైతే, ఆ బోధకు విలువేముంటుంది? ఆ తరువాత మన దుకాణాలను, మన ఇళ్లను సరిదిద్దుకుందాం. మన పిల్లలు తొలిసారి కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు, అడిగి తీసుకోవడాన్నీ, తీసుకున్నది పంచడాన్నీ మన వద్దనే నేర్చుకొందురు గాక!