ఉప్పెన పిమ్మట ఊరకుక్క

2021 మే 26వ తేదీన యాస్ తుపాను తీరము దాటినది ఒడిశాలోని బాలేశ్వరము చెంతనే యైనను, ఆనాడు పౌర్ణమి యగుటచే పోటెత్తియున్న సముద్రము వంగదేశపు సుందరవనములలోని మట్టికట్టలను త్రెంచుకొని, సాగరద్వీపమును, మౌసునిని, ఏటేట నదీముఖమున కరగిపోవుచున్న ఘోరామారాను ముంచివైచెను. 1977 నవంబరునాటి దివిసీమ ఉప్పెనను ఎరిగిన మనవారికి ఆ దృశ్యమును వర్ణించి చెప్ప నక్కరలేదు. మనుష్యులు బడి మేడలకును తుపాను ఆశ్రయములకును చేరుదురు. పసులను ఎత్తుగట్టులకు తోలుదురు. నష్టపరిహారపు పట్టికలో ఆవునకును మేకకును కోడికిని సైతము వెల గలదు. ఊరకుక్కకు మాత్రము యజమాని లేడు గనుక ఆ పట్టికలో చోటు లేదు.

కుక్క ఈదగలదు. కావున వరదలో చచ్చునవి చావగా మిగిలినవానికి అసలు కష్టము నీరు తీసిన పిమ్మట మొదలగును. మంచినీటి చెరువులన్నియు ఉప్పుపాలై యుండును. ఆ నీటిని త్రాగిన జంతువు నెత్తుట లవణ మెక్కువై, కణములలోని నీరు వెలికి లాగబడి, వాంతులును వణకును కడకు మూర్ఛయు కలుగును. పశువైద్యుడు దాని చిగుళ్ళను వ్రేలితో నొక్కి విడుచును. తెల్లబారిన చోటు రెండు సెకండ్లలో మరల ఎర్రబడవలెను. మెడమీది చర్మమును చిటికెడు పట్టి యెత్తి విడుచును. ఆరోగ్యము గల కుక్కకు అది తటాలున అణగిపోవును, ఒంట నీరు చాలనిదానికి గుడారమువలె నిలిచియుండును. అట్టిదానికి మంచినీరే మొదటి మందు.

పశుహింసా నివారణకై ఆసియాఖండమున మొట్టమొదటి సంఘము 1861లో పుట్టినది కలకత్తాలోనే. ఆ నగరపు జంతుప్రేమికులకు, దీవికుక్కలను మరపడవపై కాకద్వీపమునకు దాటించి, అచటినుండి నగరమునకు తెచ్చి, దయగల యిండ్ల కప్పగింపవలెనను తలంపు కలుగుట సహజమే. తలంపు మంచిదే కాని, నాలుగూళ్ళ కుక్కలను ఒక్క కొట్టమున చేర్చిన నాడు రోగములకు పండుగ. 1978 ప్రాంతమున లోకమంతట ప్రబలిన పార్వో వైరసు, రోగి మలముతో వెడలి మట్టిలో నెలల తరబడి చావక యుండి, సోకిన వారము లోపలనే కుక్కపిల్లను రక్తవిరేచనములతో కూల్చును. డిస్టెంపర్ అను మరియొక వైరసురోగము తుమ్ముల తుంపరలతో ప్రాకును. ఈ రెండును రెండు వారములు వేరుపరచి యుంచినచో చాలవరకు బయటపడును గాని, రేబిస్ అట్లు కాదు. కాటు పడిన పిమ్మట వారములు, నెలలు లోపల అణగియుండి వెలువడును. కరచిన కుక్క పది దినములు కులాసాగ నున్నచో, కరచిననాడు దాని లాలాజలమున ఆ వైరసు లేదని మాత్రమే తేలును. 2008 వరకు రేబిస్ ఎరుగని బలి ద్వీపమున ఆ వ్యాధి ఒక్కమారు జొరబడి, ఎందరినో బలిగొనెను. మన లక్షద్వీపములందు కుక్కలనే రానీయరు; అచట రేబిస్ లేదు.

రోగము ఎదురుదిక్కునకును ప్రయాణము చేయును. నగరమున చికిత్స చేయించి తిరిగి పంపిన కుక్క డిస్టెంపరును మోసికొనిపోయినచో, ఏటి కావలి యడవిలోని పెద్దపులికి అది సోకవచ్చును. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటి సింహములలో ఇంచుమించు మూడవవంతు నశించినది ఈ రోగముతోనే. 2018లో మన గిర్ అడవి సింహములలోను ఇది కనబడెను. సుందరవనములలో ఊరికిని అడవికిని నడుమ అడ్డు ఒక యేరు మాత్రమే, పులియో గజయీతగత్తె!

ఇక, ఒకచోట కుక్కలను తొలగించినను, తిండి దొరకునంత కాలము పొరుగు కుక్కలు వచ్చి ఆ చోటు నాక్రమించును. అందుచేతనే జంతు సంతాన నియంత్రణకై 2001లో వెలువడిన నియమములును, వాని స్థానమున వచ్చిన 2023 నియమములును, శస్త్రచికిత్సయు టీకాయు చేసి కుక్కను పట్టినచోటనే విడువవలెనని శాసించినవి. నూటికి 70 కుక్కలకు టీకా పడినచో రేబిస్ వ్యాప్తి ఆగును. టీకా పడిన దీవికుక్కను తరలించుట, ఆ టీకాల కంచెను మన చేతులతోనే పెరికివేయుట.

కలకత్తాకు కొంతదూరమున మోహన్‌పురమునందలి ఐసర్ పరిశోధనసంస్థలో, అనిందితా భద్రగారి బృందము వీథికుక్కలను చిరకాలముగ పరిశీలించుచున్నది. వారు లెక్కించిన 364 పిల్లలలో ఈడేరువరకు బ్రతికినవి నూటికి 19 మాత్రమే. చావులలో నూటికి 63 ఏదో విధమున మనుష్యునివలన కలిగినవే. మరియొక పరీక్షలో, కొన్నిటికి తిండిని, కొన్నిటికి తల నిమురుటను బహుమానముగ నిచ్చి చూడగా, నిమిరించుకొన్నవే క్రొత్తమనిషిని ఎక్కువగ నమ్మెను. ఊరకుక్క ఇంటికుక్క కాగలదనుటకు నాకు ఈ సాక్ష్యము చాలును. అయినను ఇల్లు చూపదగినవి తల్లి చచ్చిన పిల్లలును, కాలు విరిగి తిండి వెదకికొనలేనివియు మాత్రమే యని నా యభిప్రాయము. ఘోరామారా విడిచి సాగరద్వీపమునకు తరలిపోవు కుటుంబము వెంట దాని ముంగిటి కుక్కయు, టీకా వేయించుకొని, అదే పడవలో పోవుట న్యాయము. తక్కినవానికి నీరును మందును వానియున్నచోటికే పోవలెను.

వంగతీరమునకు పెద్ద తుపానులు మే నెలలో వచ్చుట తరచు: 2009లో ఐలా 25న, 2020లో అంఫాన్ 20న, యాస్ 26న. టీకాబలము కుదురుటకు కొన్ని వారములు పట్టును. విరాళ మీయదలచిన పాఠకులు తుపాను వార్త కొరకు వేచియుండక మాఘ ఫాల్గుణములందే యిచ్చినచో, ఆ మందు సకాలమున దీవులకు చేరును.