ఓడలరేవు కుర్రాడు... వాడి గ్రాఫిక్స్ కార్డు!

‘మాయాబజార్’ (1957)లో ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరెగిరి దూకుతుంటే హాల్లో చప్పట్లు కొట్టనిదెవరు? అప్పుడు కంప్యూటరూ లేదు, గ్రాఫిక్సూ లేవు. వున్నదల్లా మార్కస్ బార్ట్‌లే కెమెరా! 2012లో ‘ఈగ’ వచ్చేసరికి హీరోయే కంప్యూటర్లో పుట్టాడు. ఆ ఈగకి ప్రాణం పోసిన మకుట సంస్థకి జాతీయ అవార్డు దక్కింది. అప్పట్నుంచీ మన కుర్రకారుకి ఒకటే ఆరాటం... ఆ మాయేదో మనమూ చేస్తే?

అలాంటి వాడొకడు ఓడలరేవులో వున్నాడు. నాకు వరసకి మేనల్లుడు. వైనతేయ గోదావరి సముద్రంలో కలిసేచోట, కొబ్బరితోటల మధ్య వాడి ఇల్లు. సముద్రంలోంచి ఓ పాతకాలం ఓడ పైకి లేచి ఒడ్డుకి రావాలి. అదీ వాడు తీయబోయే షార్ట్ ఫిలిమ్‌లో ఆఖరి షాట్!

“వూరి పేరే ఓడలరేవు కదా మావయ్యా, ఓడ లేకపోతే ఎలాగండి?” అన్నాడు.

వాళ్ళ నాన్న కొబ్బరి దింపు డబ్బులు నలభై వేలు తీసి నా చేతిలో పెట్టాడు. “ఇంతేను బావా. వీడు మళ్ళీ అడిగితే ఇచ్చేది లేదు. ఆయ్!”

నలభై వేలు వాళ్ళకి చిన్న మొత్తం కాదు. పైగా నాకో పాత దెబ్బ గుర్తొచ్చింది. కొన్నేళ్ళ క్రితం పెద్ద పేరు చూసి ఓ సెకండ్‌హ్యాండ్ కార్డు కొన్నాను. తీరా చూస్తే అది పాత కార్డే... లోపల పేరు మాత్రం మార్చేశారు!

అసలీ కార్డు చేసే పనేమిటి? ప్రాసెసర్ దర్శకుడైతే, గ్రాఫిక్స్ కార్డు వేలమంది జూనియర్ ఆర్టిస్టుల గుంపు. మామూలు ఫుల్ హెచ్‌డీ తెరమీద దాదాపు 20 లక్షల 70 వేల చుక్కలుంటాయి. సినిమాకి సెకనుకి 24 బొమ్మలు. ప్రతి బొమ్మలో ప్రతి చుక్కకీ రంగు లెక్కకట్టాలి. ఒకడివల్ల అయ్యే పనేనా? అందుకే గుంపు!

మావాడు 2023లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4060 కావాలని పట్టుబట్టాడు. ఆటలకి అది చురుకైనదే. కానీ దాని మెమరీ 8 జీబీ. అంతకు ముందు, 2021లో వచ్చిన 3060కి 12 జీబీ. ఓడ, అలలు, నురగ, పొగమంచు... ఇవన్నీ కార్డు మెమరీలో పట్టాలి. పట్టకపోతే పని నత్తనడక నడుస్తుంది, లేదా మధ్యలోనే ఆగిపోతుంది. మావాడు వాడేది ఉచితంగా దొరికే బ్లెండర్. దానికి వేగంకన్నా ముందు కావలసింది చోటు. ఇక్కడో మెలిక వుంది సుమండీ! 3060లో 8 జీబీ రకం కూడా వచ్చింది. అట్టపెట్టె మీద పేరొక్కటే చూస్తే మోసపోతాం.

రెండో సంగతి కరెంటు. 3060 తాగేది 170 వాట్లు. మొత్తం కంప్యూటర్‌కి 550 వాట్ల పవర్ సప్లయ్ వుండాలని తయారీదార్లే చెబుతారు. మావాడి డబ్బాలో వున్నది 400! కార్డు పొడవుకి క్యాబినెట్‌లో చోటుందో లేదో టేపు పెట్టి కొలిచాం కూడా.

మరి సెకండ్‌హ్యాండ్ సంగతి? 2022 సెప్టెంబరుదాకా ఈథీరియం నాణేల వేటలో రాత్రింబవళ్ళు మరిగిన కార్డులు తర్వాత బజారుకి వచ్చాయి. కొనాలనుకుంటే జీపీయూ-జడ్ అనే ఉచిత ప్రోగ్రాంతో అసలు పేరు చూడండి. అరగంట పనిచేయించాకే డబ్బివ్వండి.

చివరికి బిల్లుతో, వారంటీతో కొత్త 12 జీబీ 3060, ఓ మంచి పవర్ సప్లయ్, మిగిలినదాంతో యూపీఎస్ కొన్నాం. ఉప్పుగాలికి లోహం తుప్పు పడుతుంది కనక కంప్యూటర్‌ని సముద్రంవైపు కిటికీకి దూరంగా జరిపాం. మావాడు మాత్రం రెండు రోజులు మూతి ముడుచుకునే వున్నాడు. స్నేహితుడి దగ్గర 4060 వుందిట మరి!

మూడోరోజు రాత్రి తెరమీద నీళ్ళు చీల్చుకుంటూ ఓడ లేచింది. వాడు మంచంమీంచి ఒక్క గెంతు గెంతాడు. గుమ్మంలో నిలబడ్డ నాన్న కాసేపు కళ్ళార్పకుండా చూశాడు.

“బానే వుందిరా. ఇందులో మన కొబ్బరికాయలెక్కించొచ్చా?” అన్నాడు నెమ్మదిగా.

ఆ మాట వినగానే మావాడి మూతి ముడుపు కాస్తా వీడిపోయింది!