సొంత నోటు అచ్చేసుకున్న ఊరు: 1932లో వోర్గ్ల్‌లో ఏం జరిగింది?

ఈరోజు ఎపిసోడ్‌లో ఒక చిన్న టౌను గురించి మాట్లాడుకుందాం. మన తెలుగు టౌను కాదు, ఆస్ట్రియాలోది. టైరోల్ అనే కొండల ప్రాంతంలో, ఇన్ నది పక్కన ఉంటుంది. పేరు వోర్గ్ల్. నోరు తిరగట్లేదా? రెండుసార్లు అనుకోండి, అదే వచ్చేస్తుంది. 1932లో అక్కడ జనాభా నాలుగు వేల పైచిలుకు. అంటే మన లెక్కలో ఒక మోస్తరు పంచాయతీ.

ఊళ్లో డబ్బులు ఆడటం ఆగిపోయినప్పుడు ఈ ఊరు సొంతంగా నోట్లు అచ్చేసుకుంది. దొంగనోట్లు కాదండోయ్! మున్సిపాలిటీయే కొట్టించి, అధికారికంగా ఇచ్చింది. ఏడాది పైనే నడిచాయి ఆ నోట్లు. ఆ తర్వాత దేశ సెంట్రల్ బ్యాంకు ఆపించేసింది.

ఈ కథ ఎందుకు ఎత్తుకున్నానంటే, కష్టకాలం వచ్చిన ప్రతిసారీ మన ఫోన్లలో ఒక స్టేటస్ తిరుగుతుంది. "మన ఊరి షాపుల్లోనే కొనండి, ఒకరికొకరం నిలబడదాం" అని. మంచి మాటే, కాదనను. కానీ జేబులో రూపాయి లేనోడు ఏ షాపులో కొంటాడు చెప్పండి? మంచి మనసుతో పాటు ఒక ఏర్పాటు కూడా ఉండాలి. వోర్గ్ల్ వాళ్లు ఆ ఏర్పాటు ఎలా చేసుకున్నారన్నదే నాకు ఇంట్రెస్టింగ్.

ముందు ఆ రోజులు ఎలా ఉండేవో చూద్దాం. 1929లో అమెరికా స్టాక్ మార్కెట్ కూలింది, ఆ దెబ్బ ప్రపంచమంతా తగిలింది. 1931 మే నెలలో ఆస్ట్రియాలో అన్నిటికంటే పెద్ద బ్యాంకు, క్రెడిటాన్‌స్టాల్ట్, కుప్పకూలింది. వోర్గ్ల్ ఒక రైల్వే జంక్షన్. రైల్వే ఉద్యోగాలు, ఒక సెల్యులోజ్ ఫ్యాక్టరీ, ఇలాంటి వాటి మీద బతికే ఊరు. ఫ్యాక్టరీ మూతపడింది, రైల్వేలో మనుషుల్ని తీసేశారు. ఊళ్లో నాలుగు వందల మంది దాకా పనిలేకుండా కూర్చున్నారు. జనం మున్సిపాలిటీకి కట్టాల్సిన పన్నుల బకాయి లక్ష షిల్లింగులు దాటిపోయింది. షిల్లింగు అంటే అప్పటి ఆస్ట్రియా రూపాయి అనుకోండి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఊళ్లో పొలాలు అలాగే ఉన్నాయి. తాపీమేస్త్రీలు ఉన్నారు, వడ్రంగులు ఉన్నారు, దర్జీలు ఉన్నారు. గుంతలు పడ్డ రోడ్లు ఉన్నాయి, అంటే చేయాల్సిన పని కూడా ఉంది. మరి లేనిదేంటి? ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి వెళ్లే కాగితం. అంతే!

మన ఊరి లెక్కలో చెప్తాను. టిఫిన్ సెంటర్ ఆవిడ కిరాణా కొట్టుకి 500 బాకీ. కిరాణా ఆయన పాలాయనకి 500 బాకీ. పాలాయన బైకు మెకానిక్‌కి 500 బాకీ. మెకానిక్ రోజూ ఇడ్లీ తిని టిఫిన్ సెంటర్‌లో 500 బాకీ పెట్టాడు. నలుగురూ అప్పులోనే ఉన్నారు, నలుగురికీ రావాల్సిందీ ఉంది. ఎవరి దగ్గరా 500 నోటు లేదు కాబట్టి నలుగురూ దిగులుగా కూర్చున్నారు. ఇప్పుడు ఎక్కడి నుంచో ఒక్క 500 నోటు వచ్చి ఈ నాలుగు చేతులూ తిరిగిందనుకోండి. సాయంత్రానికి 2,000 రూపాయల బాకీలు మాయం! నోటు మాత్రం ఒకటే. అదే నోటుని మొదటి మనిషి "రేపెలా ఉంటుందో ఏమో" అని బీరువాలో పెట్టేస్తే ఏ బాకీ తీరదు. కష్టకాలంలో అందరూ చేసేది ఇదే, అందులో తప్పు పట్టడానికి కూడా ఏం లేదు. భయం అలాంటిది.

2016 నవంబర్ గుర్తుందా మీకు? మీలో చాలామంది అప్పుడు స్కూల్లో ఉండి ఉంటారు. 8వ తేదీ రాత్రి 500, 1000 నోట్లు రద్దు. చెలామణిలో ఉన్న డబ్బు విలువలో దాదాపు 86 శాతం ఆ రెండు నోట్లదే. మా మావయ్యది పశ్చిమ గోదావరి వైపు ఒక చిన్న టౌనులో కిరాణా కొట్టు. అప్పుడు ఆ కొట్టు నడిచింది ఎర్ర అట్ట ఉన్న పొడుగు పుస్తకం మీద, అదే ఖాతా పుస్తకం. "బాబాయ్, రాసుకో" అనేవాళ్లు, ఆయన రాసుకునేవాడు. బియ్యం, నూనె, పప్పు అన్నీ ఆ పుస్తకంలోనే. ఊరంతా ఒకరికొకరు సాయం చేసుకున్నారని తర్వాత అందరూ చెప్పుకున్నారు, నిజమే. కానీ ఆ సాయం నిలబడింది ఆ పుస్తకం మీద. ఎవరు ఎంత తీసుకున్నారు, ఎవరు మాట మీద ఉండే మనిషి అన్న లెక్క అందులో ఉంది. చిక్కు ఎక్కడొచ్చిందంటే, సరుకు వేసే హోల్‌సేల్ వాళ్లు వేరే ఊళ్లో ఉంటారు. వాళ్లకి మా ఊరి మాట, మా ఊరి పుస్తకం పనికిరావు. కొన్నాళ్లు ఆగారు, తర్వాత డబ్బు అడిగారు. ఊరి నమ్మకం ఊరి పొలిమేర దాకే నడుస్తుంది. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, వోర్గ్ల్‌లో కూడా ఇదే వస్తుంది.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వద్దాం. వోర్గ్ల్ మేయర్ పేరు మిషాయెల్ ఉంటర్‌గుగ్గెన్‌బెర్గర్. రైల్వేలో పనిచేసిన మనిషి, సోషల్ డెమోక్రాట్ పార్టీ. ఈయనకి సిల్వియో గెసెల్ అనే ఆయన రాసిన ఆర్థిక పుస్తకం బాగా పట్టింది. గెసెల్ వాదన ఏంటంటే, కూరగాయలు దాస్తే కుళ్లిపోతాయి, ఇనుము దాస్తే తుప్పు పడుతుంది, డబ్బు ఒక్కటే దాచినా చెడిపోదు. అందుకే డబ్బున్నోడు ఎంతకాలమైనా ఆగగలడు, సరుకున్నోడు ఆగలేడు. కాబట్టి డబ్బుకి కూడా కొంచెం తుప్పు పట్టేలా చేద్దాం అన్నాడు. వినడానికి తిక్కగా ఉంది కదా? మేయర్ గారు దీన్ని నిజంగానే చేసి చూపించారు.

1932 జూలై చివర్లో వోర్గ్ల్ నోట్లు బయటికొచ్చాయి. 1, 5, 10 షిల్లింగుల నోట్లు. కరెన్సీ అనకుండా "పని సర్టిఫికెట్లు" లాంటి పేరు పెట్టారు. చట్టం కళ్లలో పడకుండా అన్నమాట! ప్రతి నెలా ఆ నోటు మీద దాని విలువలో 1 శాతం స్టాంపు కొని అతికించాలి. స్టాంపు లేకపోతే నోటు పూర్తి విలువకి చెల్లదు. పది షిల్లింగుల నోటుకి నెలకి పది గ్రోషెన్లు, అంటే షిల్లింగులో పదో వంతు. ఏడాదికి 12 శాతం. స్టాంపుల మీద వచ్చిన డబ్బు పేదల సహాయ నిధికి పోయేది. ఈ నోట్లకి సరిపడా అసలు షిల్లింగుల్ని ఊరి బ్యాంకులో డిపాజిట్ పెట్టారు. ఎవరికైనా అసలు డబ్బే కావాలంటే 2 శాతం కోసుకుని ఇచ్చేవాళ్లు.

ఆ నోట్లతో కూలీలకి జీతం ఇచ్చారు. రోడ్లు వేయించారు, వీధి దీపాలు పెట్టించారు, మురుగు కాలువలు తవ్వించారు, కాంక్రీటు వంతెన ఒకటి కట్టించారు. ఆఖరికి మంచు మీద ఆటకి స్కీ జంప్ కూడా కట్టారు. మున్సిపాలిటీ ఉద్యోగులు, మేయర్‌తో సహా, తమ జీతంలో కొంత ఈ నోట్లలోనే తీసుకున్నారు. ఇది చిన్న విషయం అనిపించొచ్చు, కానీ కాదు. "నువ్వు తీసుకో, నేను మాత్రం అసలు డబ్బే తీసుకుంటా" అని మేయర్ అని ఉంటే ఆ నోట్లు మర్నాడే చిత్తుకాగితాలు అయ్యేవి.

కూలీ ఆ నోటు పట్టుకుని రొట్టెల షాపుకి వెళ్తాడు. షాపాయన ఎందుకు తీసుకోవాలి? ఇదే మొత్తం కథకి గుండెకాయ. మున్సిపాలిటీ ఆ నోట్లని పన్నుల కింద తీసుకుంటుంది కాబట్టి! షాపాయనకి ఎలాగూ పన్ను బకాయి ఉంది. నెలాఖరున స్టాంపు ఖర్చు తప్పించుకోవాలంటే తొందరగా వదిలించుకోవాలి. తన సరుకు ఇచ్చినాయనకి ఇస్తాడు, లేదా పోయి పాత పన్ను కట్టేస్తాడు. కొంతమంది ముందుగానే వచ్చే ఏడాది పన్ను కూడా కట్టేశారట. పన్ను కట్టించుకోవడానికి నోటీసుల మీద నోటీసులు పంపే మన మున్సిపాలిటీల వాళ్లు ఇది వింటే ఏడుస్తారు. అలా తిరిగొచ్చిన నోటుతో మళ్లీ జీతం, మళ్లీ రోడ్డు. చెలామణిలో ఉన్న నోట్లు సగటున ఐదారు వేల షిల్లింగులే. అంత తక్కువ డబ్బు గిరగిరా తిరిగి అన్ని పనులు చేయించింది. ఆ ఏడాది ఆస్ట్రియా మొత్తం మీద నిరుద్యోగం పెరిగితే వోర్గ్ల్‌లో తగ్గింది.

నెట్‌లో ఈ స్టోరీ చెప్పే చాలామంది క్రెడిట్ మొత్తం స్టాంపుకే ఇస్తారు. నాకు అలా అనిపించదు. నెలకి ఒక్క శాతానికి భయపడి ఊరు మారిపోదు. షాపుల వాళ్లు నోటు తీసుకోవడానికి ఒప్పుకోవడం, మున్సిపాలిటీ దాన్ని పన్నుగా తిరిగి తీసుకోవడం, ఈ రెండూ కలిసి ఒక గుండ్రటి దారి వేశాయి. స్టాంపు ఆ దారిలో కొంచెం స్పీడు పెంచింది. అంతవరకే నేను ఒప్పుకుంటాను. ఆర్థికవేత్తలు కూడా దీని మీద ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. పాత బకాయిలు ఒక్కసారే వసూలవుతాయి, అవి అయిపోయాక కూడా ఇదే జోరు ఉండేదా అన్నది అసలు ప్రశ్న. ఇంకో విషయం, రైల్వే, పోస్టాఫీసు ఈ నోట్లు తీసుకోలేదు. అవి ఊరివి కాదు కదా, వియన్నాకి లెక్క చెప్పాల్సినవి. ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను చూడండి, పొలిమేర సంగతి! మా మావయ్యకి హోల్‌సేల్ వాళ్ల దగ్గర వచ్చిన చిక్కే ఇది.

పక్కనున్న కిర్ష్‌బిష్ల్ అనే ఊరు కూడా ఇలాంటి నోట్లే వేసింది. ఫ్రాన్స్ రాజకీయ నాయకుడు దలాదియే వోర్గ్ల్‌కి వచ్చి చూసి వెళ్లాడు. అమెరికాలో పేరున్న ఆర్థికవేత్త ఇర్వింగ్ ఫిషర్ 1933లో స్టాంపు నోట్ల మీద ఏకంగా ఒక పుస్తకం రాశాడు. 1933 జూన్‌లో మేయర్ వియన్నా వెళ్లి మిగతా ఊళ్ల ప్రతినిధులకి ఈ సంగతి వివరించాడు. వాళ్లలో చాలామంది "మేము కూడా చేస్తాం" అన్నారు. అక్కడే సెంట్రల్ బ్యాంకుకి గట్టిగా తగిలింది. ఒక ఊరైతే చూసీచూడనట్టు పోవచ్చు, వందల ఊళ్లు సొంత నోట్లు వేస్తే దేశంలో నోటు మీద పట్టు ఎవరిది? నోట్లు వేసే హక్కు మాదే అని ఆపమంది. 1933 సెప్టెంబర్‌లో వోర్గ్ల్ నోట్లు ఆగిపోయాయి. ఊరు కోర్టుకి వెళ్లింది, ఓడిపోయింది. మేయర్ 1936లో చనిపోయాడు.

మన దగ్గర చేయొచ్చా? నోటు రూపంలో అయితే కుదరదు. 1934 నాటి రిజర్వ్ బ్యాంకు చట్టం 22వ సెక్షన్ ప్రకారం నోట్లు జారీ చేసే హక్కు రిజర్వ్ బ్యాంకుకే. కాబట్టి వీడియో చూసి ఎవరూ ప్రింటర్ ఆన్ చేయకండి బాబూ!

నోటు కాకుండా కూపన్ లాంటిది మాత్రం మనకి కొత్త కాదు. చిల్లర లేదని కొట్టువాళ్లు చాక్లెట్ చేతిలో పెడతారు కదా? అది కూడా ఒక రకం లోకల్ నోటే, కాకపోతే ఒకవైపే నడుస్తుంది. మర్నాడు అదే చాక్లెట్ తీసుకెళ్లి "ఇదిగో రూపాయి" అంటే మళ్లీ తీసుకుంటారా? తీసుకోరు. వోర్గ్ల్ నోటుకీ ఈ చాక్లెట్‌కీ తేడా మొత్తం అక్కడే ఉంది. ఇచ్చినవాడే తిరిగి తీసుకోవాలి. జర్మనీలో బవేరియా వైపు 2003లో ఒక స్కూలు పిల్లలు తమ టీచర్‌తో కలిసి "కీమ్‌గావర్" అనే లోకల్ నోటు మొదలుపెట్టారు. దానికీ టైము గడిచేకొద్దీ విలువ తగ్గుతుంది. దాన్ని యూరోల్లోకి మార్చుకునేటప్పుడు కోసే రుసుములో కొంత ఊరి సంఘాలకి వెళ్తుంది. అక్కడి షాపులు తీసుకుంటాయి కాబట్టే నడిచింది.

మీలో కొందరు అంటారు, "ఇప్పుడు స్కానర్ ఉంది కదా అన్నా, డబ్బు సెకనులో వెళ్తుంది, ఇంకేం ఆగుతుంది?" అని. సెకనులో వెళ్లడం నిజమే. ఎక్కడికి వెళ్తుందన్నది వేరే లెక్క. కిరాణా కొట్లో స్కాన్ చేసిన 500 సాయంత్రానికి పాలాయన దగ్గరికి వెళ్లొచ్చు. యాప్‌లో ఆర్డర్ పెట్టిన 500లో డెలివరీ కుర్రాడి కూలీ పోను చాలావరకు ఆ రోజే ఊరు దాటిపోతుంది. యాప్‌లో కొనొద్దని నేను చెప్పట్లేదు, నేనూ కొంటాను, మా మావయ్య కొట్లో దొరకనివి బోలెడు ఉంటాయి. ఖాతా మాత్రం యాప్ ఇవ్వదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడ్డప్పుడు మా వీధిలో పని పోయినవాళ్ల ఇళ్లల్లో పొయ్యి వెలిగింది ఖాతా మీదే. ఆ బాకీలు తీరడానికి కొందరికి రెండేళ్లు పట్టింది. ఈలోగా హోల్‌సేల్ వాళ్లకి కట్టలేక మా మావయ్య పక్కకొట్టు మూసేసుకుంది. అప్పు ఇచ్చినందుకు మూతపడ్డ కొట్టు అది. ఖాతా తెరిచినాయన సంగతి ఎవరు చూస్తారన్న ప్రశ్నకి వోర్గ్ల్‌లో మున్సిపాలిటీ జవాబు చెప్పింది. మన దగ్గర ఆ భారం మొత్తం ఒక్క కొట్టు మీదే పడింది.

మన ఊళ్లలో ఈ భారాన్ని పదిమంది మీద పంచే పాత పద్ధతి ఇంకోటి ఉంది, చీటీపాట. అందులో మంచి ఎంత, మునిగిపోయే ప్రమాదం ఎంత అన్నది వచ్చే ఎపిసోడ్‌లో లెక్కలేసి మరీ చూద్దాం. మీ ఇంట్లో చీటీ కట్టేవాళ్లుంటే ఈలోపు ఒక్కటి అడిగి ఉంచండి: పాట ఎంతకి పోయింది, చేతికి ఎంత వచ్చింది అని. ఆ రెండు నంబర్లు దగ్గరుంటే ఎపిసోడ్ బాగా అర్థమవుతుంది. ఉంటానండీ.