మురుగునీరు - పచ్చకామెర్లు

1955 డిసెంబరులో ఢిల్లీ నగరమున పచ్చకామెర్ల వ్యాధి ప్రబలినది. మరుసటి జనవరి ముగియునప్పటికి సుమారు 29,300 మంది ఈ వ్యాధికి గురియైరి. గర్భిణీ స్త్రీలలో మరణములు హెచ్చుగా సంభవించినవి. నగరమునకు శుద్ధిచేసిన నీటినే సరఫరా చేయుచుండిరి. మరి వ్యాధి ఎట్లు వచ్చినది?

యమునానది నీటిని వజీరాబాదు వద్ద తోడి శుద్ధి చేయుదురు. దానికి కొంత దిగువన నజఫ్‌గఢ్ కాలువ మురుగును తెచ్చి నదిలో కలుపును. మామూలుగా ఆ మురుగు దిగువకు కొట్టుకొనిపోవును. కాని 1955లో వరద తీసిన పిమ్మట నది పాయ మారినది. నవంబరులో కొన్ని దినములపాటు మురుగు ఎగువకు మళ్ళి, నీరు తోడుచోటికే చేరినది. కల్మషమును గుర్తించి పటికను, క్లోరినును హెచ్చుగా వాడిరి. అందువలన టైఫాయిడ్, జిగట విరేచనములు పెరుగలేదు. కామెర్లు మాత్రము ఆగలేదు.

ఇందులకు కారణమేమి? క్లోరిను నీటిలో కరిగి హైపోక్లోరస్ ఆమ్లమును ఏర్పరచును. సూక్ష్మజీవులను చంపునది ముఖ్యముగా ఈ ఆమ్లమే. మురుగునందు అమ్మోనియా, సేంద్రియ పదార్థములు మెండుగా ఉండును. క్లోరిను చాలవరకు వీటితో కలిసి ఖర్చగును. అమ్మోనియాతో కలియగా ఏర్పడు క్లోరమీనులకు సూక్ష్మజీవులను చంపు శక్తి తక్కువ. పైగా మడ్డి రేణువులు వైరసులకు చాటగును. కావున బాక్టీరియాలు చచ్చినను కొన్ని వైరసులు బ్రతికి కుళాయిలకు చేరగలవు.

నాటి రోగులనుండి తీసి భద్రపరచిన రక్తరసమును పరీక్షించి, ఆ వ్యాధి హెపటైటిస్ ఎ కాదని 1980లో ప్రకటించిరి. 1983లో సోవియట్ శాస్త్రజ్ఞుడు బలయాన్ రోగుల మలమునుండి తీసిన సారమును తానే త్రాగి వ్యాధిగ్రస్తుడై, తన మలమునందు కొత్త వైరసును ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూచెను. నేడు దానిని హెపటైటిస్ ఇ వైరసు అందురు.

నీటిలో కోలిఫారం బాక్టీరియా లేకున్నచో అది సురక్షితమని సాధారణముగా తలంతురు. వైరసుల విషయమున ఆ పరీక్ష ఒక్కటే చాలదని ఢిల్లీ ఉదంతము తెలుపుచున్నది. మురుగును శుద్ధిచేసిన పిదపనే నదిలోనికి వదలవలెను. మంచినీటి గొట్టములను మురుగు కాలువలకు దూరముగా వేయవలెను. సరఫరా ఆగినపుడు గొట్టములో పీడనము తగ్గి, బీటల ద్వారా మురుగు లోనికి ప్రవేశించును. కుళాయినీరు రంగుమారినను, వాసన వేసినను అధికారులకు తెలిపి, అది బాగగువరకు నీటిని తెర్లకాచియే త్రాగవలెను.